మౌనభోజనం

పరాశరాచార్యులవారు విస్తరి ముందు కూర్చుంటే మాట్లాడరు. తిరుపతిలో ఆయనను ఎరిగినవారందరికీ తెలిసిన నియమం అది. విస్తరి చుట్టూ నీళ్లు చల్లి పరిషేచనం చేసి, గుక్కెడు నీటితో ఆపోశనం పట్టింది మొదలు, భోజనం ముగించి లేచేదాకా ఆయన పెదవులు కదిలేది నమలడానికి మాత్రమే. ఎదుటివారు ఏదైనా చెప్పబోతే ఎడమచేతిని భుజం దాకా ఎత్తుతారు. ఆ చెయ్యి లేచిందంటే ఇంట్లో గోడగడియారం తప్ప మరేదీ పలకదు.

ఈ నియమం ఆయనకు తండ్రిగారి నుండి వచ్చింది. పెరుమాళ్లకు నివేదన చేసే వంటను ఆ ఇంట్లో తళిగ అంటారు. స్వామి ఆరగించిన తళిగలో ఉప్పు తక్కువనీ పులుపు ఎక్కువనీ అనడం ప్రసాదానికి వంకపెట్టడమేనని ఆ తండ్రిగారు చెప్పేవారు. కొడుకు మరొక అడుగు ముందుకు వేసి, వంకపెట్టకుండా ఉండాలంటే అసలు నోరే విప్పకపోవడం మేలని నిశ్చయించుకున్నారు. అప్పటికాయన వయస్సు ఇరవైయారు. పెళ్లయి మూడు వారాలు.

తళిగ చేసేది ఆయన ధర్మపత్ని వకుళమ్మ. మడి కట్టుకొని, తడి చేతులతో, స్వామి పేరు తలుచుకొంటూ చేసే ఆ వంటను నివేదనకు ముందు ఎవరూ రుచి చూడకూడదు. కోరి వాసన చూడడం కూడా దోషమే. అందువల్ల ఉప్పు ఆమె వేళ్లకే తెలియాలి; ఈనాడు తాను తిన్న రుచిని బట్టి రేపటి కొలత దిద్దుకోవాలి. పోపు వేగిందో మాడిందో, నెయ్యి కాగిందో లేదో, వంటింట్లో తనంతట తాను తిరుగాడే గాలి చెప్పాలి. ఆ గాలితో ఆమెకు మంచి స్నేహం ఉండేది. కాపురానికి వచ్చిన తొలినాళ్లలో అత్తగారు ఆమె చేతి కొలతను పరీక్షించి, "ఈ పిల్ల వేళ్లలో తక్కెడ ఉండాది" అన్నదట.

నలభైమూడేళ్లు అట్లా గడిచాయి. ప్రాచ్య కళాశాలలో ముప్పైయొక్క సంవత్సరాలు అలంకారశాస్త్రం పాఠం చెప్పి, రసమంటే ఏమిటో ఎన్నో తరాల విద్యార్థులకు విప్పి చూపి, ఆచార్యులవారు విశ్రాంతి తీసుకున్నారు. కూతురు రంగప్రియ హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసుకొంటున్నది. ఉదయం పెరుమాళ్లకు తిరువారాధన, మధ్యాహ్నం గ్రంథపఠనం, పిలిచినచోట ఉపన్యాసం, ఇదీ ఆయన జీవనం.

ఒకనాడు ఢిల్లీబాబు ఫోను చేశాడు. పూర్వవిద్యార్థి. చిత్తూరులో కల్యాణమండపం నడుపుతూ, దానికి అనుబంధంగా ఒక సేవాసంఘం పెట్టుకున్నాడు.

"అయ్యోరా, మా ఊర్లో పిలకాయలు పెండ్లయిన ఆర్నెల్లకే అలిగి పుట్టింటికి పోతా ఉండారు. కొత్త జంటలను అరవైమందిని పిలస్తా ఉండాను. కాపురం యాడ నిలబడతాదో, యాడ జారతాదో మీరొచ్చి చెప్పాల. అమ్మను గూడా పిల్చుకొని రాండి. చెప్పే మాటకు సాక్ష్యం పక్కనుంటే అందం."

ఆచార్యులవారికి ఆ చివరి మాట నచ్చింది.

*

ఆ రోజు తెల్లవారుజామునే వకుళమ్మ తళిగ చేసింది. ఆచార్యులవారు బయటి వంట ముట్టరు గనుక, నివేదన అయిన పులిహోరను, దద్ధోజనాన్ని కారియరులో సర్దింది. ఎనిమిదింటికి బస్సెక్కితే పదిన్నరకు చిత్తూరు చేరారు.

సభ నిండుగా ఉన్నది. ఆచార్యులవారి వాక్కు ఆరోజు ఎత్తున సాగింది. సీతారాముల అరణ్యవాసం చెప్పారు. అనసూయ కథ చెప్పారు. ప్రేమ వానాకాలపు స్వర్ణముఖి వంటిదనీ, వచ్చేటప్పుడు ఒడ్డులు ఒరుసుకొని వస్తుందనీ, వేసవికి ఇసుక మిగులుతుందనీ, ఆ ఇసుకలో చెలమ తవ్వుకొనే ఓర్పే దాంపత్యమనీ చెప్పారు. చప్పట్లు మోగాయి. అంతటితో ఆపి ఉంటే బాగుండేది.

"మా ఇంటావిడ ఇక్కడే ఉన్నది, అడగండి," అన్నారాయన, ముందువరుసలో కూర్చున్న వకుళమ్మ వైపు చెయ్యి చూపి. "నలభైమూడేళ్ల కాపురం. ఉప్పు చాలలేదనే మాట ఒక్కనాడు నా నోట రాలేదు. ఈ నాలుగేళ్లుగా, పాపం వయస్సు మీద పడింది, ధ్యాస తప్పింది. ఒకనాడు ఉప్పు రెండింతలు ఉంటుంది. ఒకనాడు ఉండనే ఉండదు. మాడిన పప్పు తిన్నాను. విరిగిన పాల పరమాన్నం తిన్నాను. నోరు తెరవలేదు. నాయనలారా, దాంపత్యం నిలవడానికి రహస్యమేమని అడిగితే నేను చూపేది నా మౌనాన్నే."

మండపం దద్దరిల్లింది. కొత్త పెళ్లికూతుళ్లు భర్తలను మోచేతితో పొడిచారు. వకుళమ్మ తల వంచుకొని పమిటకొంగును చూపుడువేలికి చుట్టుకొన్నది. ఆ వంగిన తలలో ఆచార్యులవారు వినయాన్ని చూశారు.

భోజనాల వేళకు వారిద్దరికీ ప్రత్యేకంగా పక్కగదిలో ఆకులు వేశారు. ఢిల్లీబాబు వదలలేదు.

"అమ్మా, కాలేజీ నాళ్లలో మీ చేతి పులిహోర తిన్నోణ్ణి. తలా ఒక పిడికెడు పెట్టకపోతే ఈ మనిషి కదలడు."

వకుళమ్మ నవ్వి దొప్పలలో పెట్టింది. ఢిల్లీబాబు, అతని భార్య చంద్రకాంతమ్మ, నిర్వాహకులలో నలుగురు, ఆ నెలలోనే పెళ్లయిన దయానంద్ అనే యువకుడు, అతని భార్య, అందరూ కళ్లకద్దుకొని నోట వేసుకొన్నారు. వేసుకొన్న తరువాత ఎవరూ నమలలేదు.

చంద్రకాంతమ్మ కిటికీ వైపు తిరిగింది. ఢిల్లీబాబు మింగడానికి నీళ్లు వెతికాడు. దయానంద్‌కు లౌక్యం తెలియదు.

"అమ్మా, నూనె ముక్కిపోయినాది. వాసనొస్తా ఉండాది, తినొద్దండి."

ఆ మాటను తేలికపరచడానికి కాబోలు, నిర్వాహకులలో ఒకాయన అన్నాడు: "అయ్యోరు ఉపన్యాసంలో ఒక్క మాట గూడా ఎక్కువ చెప్పలేదబ్బా! ఇది తిని నోరు మూసుకొని ఉండాలంటే ఎవురి వల్ల అవుతాది?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అయినా నవ్వు నవ్వే. వకుళమ్మ లేచింది. ఒక్కొక్కరి చేతిలోంచి దొప్ప తీసుకొని, ఒకదానిలో ఒకటి పెట్టి, కారియరు మూత బిగించింది. మూత వంకరగా పడింది. తీసి మళ్లీ బిగించింది.

ఆచార్యులవారి చెవులు ఎర్రబడ్డాయి. ఇందరిలో తలవంపులు తెచ్చిందే అని ఆయన మనస్సు భార్య మీద మండింది. సిగ్గు ఆయనకు ఆనాడు మొదట ఆ దారిన వచ్చింది. అది తప్పుదారి అని తెలియడానికి ఇంకా కొన్ని గడియలు పట్టింది.

*

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన చోటు దొరికింది. కాణిపాకం మలుపు దగ్గర యాత్రికులు ఎక్కారు. వారి వెంట మల్లెపూల గంపతో ఒకామె ఎక్కి, వకుళమ్మ ఒడిలో మూరెడు పూలు పెట్టబోయింది.

"తీసుకోమ్మా, వాసన సూడు, బస్సంతా నిండిపాయ!"

"నాకెందుకులేమ్మా," అని వకుళమ్మ దండను తిరిగి గంపలో పెట్టింది.

ఆమె పూలు మాని కొంతకాలమయింది. వైరాగ్యం కుదిరిందని ఆచార్యులవారు లోలోపల మెచ్చుకొన్నారు గూడా. ఇప్పుడు మాత్రం అది అలక అనుకొన్నారు. అలగవలసింది తానైతే ఈమె అలగడమేమిటని ఇంకొంచెం వేడెక్కారు. చంద్రగిరి కోట కనబడేవేళకు ఆ వేడి పొంగింది.

"ఆ నూనె పదిరోజులుగా అట్లాగే ఉన్నది," అన్నారు.

వకుళమ్మ మెల్లగా ఆయన వైపు తిరిగింది.

"పదిరోజులుగా మీకు తెలుసునా?"

"తెలియకేం. మొదటి ముద్దలోనే తెలిసింది."

"తెలిసీ చెప్పలేదా?"

"నేను చెప్పనని నీకు తెలియదా? ఇవాళ సభలో అందరి ముందూ చెప్పింది అదే కదా."

"నాకు చెప్పకపోతే పోనీండి." ఆమె గొంతు హెచ్చలేదు. "పదిరోజులు పెరుమాళ్లకు అదే పెట్టనిచ్చినారా?"

ఆచార్యులవారి నోట మాట లేదు. ఇప్పుడు అది నియమం వల్ల వచ్చిన మౌనం కాదు. ప్రసాదానికి వంకపెట్టడం అపచారమని నోరు కట్టుకొని, ముక్కిన నూనెతో వండిన అన్నాన్ని పదిరోజులు, ఇరవై పూటలు, స్వామి ముందు ఉంచి గంట వాయించింది తన చేయే. ఇంత చదువు చదివిన బుద్ధికి ఆ ఒక్క మెట్టు ఎందుకు తట్టలేదో ఆయనకు అంతుబట్టలేదు. కాదు, అంతుబట్టింది. తాను మింగే ప్రతి ముద్దా తన ఓర్పుకు ఒక పతకమని లెక్కపెట్టుకొంటూ కూర్చున్నవాడికి స్వామి విస్తరి ఎట్లా కనబడుతుంది?

బస్సు దిగి ఇంటి తలుపు తాళం తీస్తున్నప్పుడు వకుళమ్మ అన్నది:

"రేపటి నుంచి తళిగ నేను చెయ్యను. ఎవరినైనా చూసుకోండి."

కోపంగా అని ఉంటే ఆయన సమాధానపరచగలిగేవారు. ఆమె అలసిన మనిషి మూట దించినట్టు అన్నది.

*

మరునాడు ఉదయం పొయ్యి వెలగలేదు. ఆచార్యులవారు స్నానం చేసి, నుదుట తిరుమణి నామం దిద్దుకొని, నిప్పుల మీద సాంబ్రాణి చల్లారు. ఇల్లంతా పొగ నిండింది. ప్రతిరోజూ ఈ వేళకు వంటింట్లోంచి ఒక ప్రశ్న వచ్చేది: "సాంబ్రాణి వేసినారా?" ఇల్లంతా గుప్పుమంటుంటే ఇంకా అడుగుతుందేమిటని ఆయన ప్రతిరోజూ విసుక్కొనేవారు. ఈవేళ ఆ ప్రశ్న రాలేదు. వకుళమ్మ తులసిదళాలకోసం వీధి చివరి భజనమందిరానికి వెళ్లింది.

పెరటి మెట్ల మీదినుండి ఒక గొంతు వినిపించింది.

"అమ్మా, నేనొచ్చేసినా! పాలు, నూనె తెచ్చుకో. డ్యూటీకి టైమైతా ఉండాది, తొందరగా చూసి పెట్టి పోతా."

మేడమీద అద్దెకున్న గ్రేసీ అది. ఒక ఆసుపత్రిలో నర్సు. వకుళమ్మ పొద్దున్నే ఏవో గిన్నెలు పట్టుకొని ఆమె దగ్గరికి వెళ్లడం ఆచార్యులవారు చూస్తూనే ఉండేవారు. కబుర్ల పిచ్చి అనుకొనేవారు. ఇప్పుడాయన పెరట్లోకి వచ్చారు.

"ఆమె ఇంట్లో లేదమ్మా. పాలు, నూనె దేనికి?"

"అదే అయ్యగారూ, వాసన చూసేదానికి."

"ఎవరు చూసేది?"

"నేనే. నా ముక్కుతోనే కదా అమ్మకు వంట జరగతా ఉండేది!" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి గ్రేసీ ఆగిపోయింది. "అయ్యో, మీకు తెలీదా?"

"ఏమి తెలియాలి?"

గ్రేసీ రెండు మెట్లు దిగి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"కరోనా వచ్చి తగ్గిన కాడినుంచి అమ్మకు వాసనా లేదు, రుచీ లేదు అయ్యగారూ. నేనే మా డాక్టరు దగ్గరికి పిల్చుకొని పోయినా. కొందరికి తిరిగొస్తాది, కొందరికి రాదన్నాడు. అమ్మకు రాలా. నాలుగేండ్లాయ."

"నాలుగేళ్లు," అన్నారు ఆచార్యులవారు. నిన్న సభలో తన నోటితో తాను చెప్పిన లెక్క అది. ఎన్నేళ్లయిందో సరిగ్గా తెలుసు. ఎందుకయిందో ఒక్కనాడు అడగలేదు.

"వండింది మాత్రం తేదు," గ్రేసీ తొందరగా అన్నది, వకుళమ్మ మీద నేరం రాకుండా కాపాడాలన్నట్టు. "దేవుడికి పెట్టకముందు ఎవురూ చూడకూడదంట కదా. పచ్చివే తెస్తాది. పాలు విరిగినాయా, నెయ్యి బాగుండాదా, నూనె ముక్కిందా, నేను చెప్తా. నేను లేనప్పుడు కష్టమే. మా అమ్మకు బాగలేదని సత్యవేడుకు పోతిని, పదైదు దినాలైపాయ. ఏమన్నా చెడిపోయినాయా అయ్యగారూ?"

ఆయన పెరటి గట్టు మీద కూర్చుండిపోయారు.

కూర్చున్నాక ఒక్కొక్కటిగా కళ్ల ముందుకు వచ్చాయి. సాంబ్రాణి వేసినారా అని అడిగిన వెయ్యిన్ని నాలుగువందల ఉదయాలు. గంపలోకి తిరిగి వెళ్లిన మల్లెపూలు. జ్వరం తగ్గిన వారంలో, భోజనానికి కూర్చున్నప్పుడు, "ఏమండీ, నాకెందుకో" అని ఆమె ఏదో అనబోవడం, తన ఎడమచెయ్యి లేవడం. అది గుర్తున్నది. చెయ్యి లేవడం గుర్తున్నది గాని, తరువాత ఏమని ఉండేదో అడిగిన గుర్తు లేదు. ఎందుకంటే అడగలేదు.

అరుగు మీద మోగుతున్న ఫోనును తెచ్చుకొని మళ్లీ గట్టు మీదనే కూర్చున్నారు.

"అయ్యోరా! ఢిల్లీబాబును. మీ ఉపన్యాసం వీడియో నిన్న సాయంత్రమే నెట్టులో పెట్టినా. అప్పుడే మూడువేలమంది సూసినారు. ఆ ఉప్పు ముక్క ఉండాది సూడండి, దాన్ని మాత్రం కోసి వాట్సప్‌లో తిప్పతా ఉండారు. మా మామ నాగులాపురం నుంచి పంపినాడు నాకే!"

"దాన్ని తీసెయ్యి ఢిల్లీబాబూ."

"తీసేయాలనా? ఎందుకు అయ్యోరా? అదే కదా అన్నిటికన్నా బాగుండేది."

"నేను చెప్పింది తప్పు. తీసెయ్యి."

"సరే తీస్తా. అయితే ఇంగ తిరిగేది తిరగతానే ఉంటాది, అది మన చేతిలో లేదు," అన్నాడు ఢిల్లీబాబు, నొచ్చుకొన్నట్టు.

ఫోను పెట్టకముందే కూతురు రంగప్రియ దగ్గరినుండి ఆ ముక్కే వచ్చింది, కింద చేతులు జోడించిన బొమ్మలు మూడు. ఆచార్యులవారు ఫోనును బోర్లించి పెట్టారు.

*

వకుళమ్మ తులసితో వచ్చింది. పెరట్లో గట్టు మీద ఆయనను, మెట్ల మీద ఖాళీగా ఉన్న గ్రేసీ చెప్పుల చోటును చూసింది. తాను లేనప్పుడు గ్రేసీ వచ్చి, ఆయనతో మాట్లాడి, డ్యూటీకి వెళ్లిందని ఆమెకు తెలిసిపోయింది.

"గ్రేసీ చెప్పిందా?"

ఆయన తల ఊపారు.

"మంచిపిల్ల. కడుపులో ఏదీ దాగదు," అని తులసిని పళ్లెంలో పెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు వకుళా?"

"మూడుసార్లు చెప్పబోయినాను. మూడుసార్లూ చెయ్యెత్తినారు."

"భోజనం వేళ కాకపోతే ఇంకెప్పుడైనా..."

"ఇంకెప్పుడు? పొద్దున ఆరాధన. తరువాత పుస్తకం. సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చొనేది ఆ రెండుపూటలే కదా. నేను ఆ వేళకోసమే ఎదురుచూసేదాన్ని." పళ్లెంలో తులసిదళాలను విడదీసింది. "నిజం చెప్పాలంటే, తరువాత నాకే భయమేసింది. దామోదరం మాట గుర్తుందా మీకు?"

గుర్తుంది. వీధి భజనమందిరంలో తళిగ చేసే దామోదరానికి చూపు మందగించినప్పుడు, పెద్దలు ఆచార్యులవారిని ధర్మసందేహం అడిగారు. ఇంద్రియలోపం కలిగినవాడు నివేదన వంటకు తగడని ఆయన ప్రమాణాలతో సహా చెప్పారు. దామోదరం ఆ మాటకు నమస్కరించి, తన గరిటెను గోడకు ఆనించి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ వీధిలో కనబడలేదు.

"నాకు ముక్కు లేదంటే నన్ను గూడా ఆ వంటింట్లోంచి పంపిస్తారనుకొన్నాను," అన్నది వకుళమ్మ. "రుచి పోయినాక నాకు మిగిలింది ఆ వంటొక్కటే. తినేదానిలో ఏమీ లేదు. మట్టి తిన్నట్టు తింటాను. వండేదానిలో మాత్రం ఇంకా ఉండాది. అందుకని దాచినాను. తప్పు నాది గూడా."

"నీది కాదు."

"నిన్న మీరు అందరికీ చెప్పినారు చూడండి, మాడిన పప్పు తిన్నానని. ఆ పప్పు మాడిందని నాకు నిన్ననే తెలిసింది. మైకులో."

ఆచార్యులవారు రెండు అరచేతులతో ముఖం కప్పుకొన్నారు. డెబ్బై ఏళ్లకు చేరువైన మనిషి, పంచె కుచ్చిళ్లు నేల మీద పడి తడుస్తున్నా చూసుకోలేదు. క్షమించమని అడగాలని మాట గొంతుదాకా వచ్చింది. ఆ మాటకు గూడా తనకు అర్హత చాలదనిపించి అక్కడే ఆగింది. ఎందరి ఇళ్లకో ధర్మం చెప్పిన వాక్కు తన ఇంటి పెరట్లో గట్టు మీద ఒట్టిచేతులతో కూర్చున్నది.

కుచ్చిళ్లు ఎత్తుకొని లేచి ఆయన అన్నారు: "పొయ్యి వెలిగించు వకుళా. నేను పక్కన నిలబడతాను."

"నిలబడి?"

"గాలి ఏమంటున్నదో నీకు చెప్తాను."

"నివేదనకు ముందు వాసన చూడడం దోషమని మీరే కదా..."

"దోషమే. ముక్కిన నూనె తెలిసి ఊరకున్నదాని కన్న పెద్దది కాదు. స్వామి దగ్గర ఆ దోషాన్ని నా పేరున రాసుకొమ్మని అడుగుతాను. ఇన్నాళ్లకు నాకు మన్నించమని అడగడానికి ఒక నిజమైన తప్పు దొరికింది."

వకుళమ్మ వెంటనే కదలలేదు. ముక్కిన నూనెను పెరట్లో పారబోసి, గిన్నె తోమి, కొత్త నూనెను ఆయన ముందు పెట్టింది. ఆయన వాసన చూసి బాగుందన్నారు. అప్పుడు మడిబట్ట కట్టుకొన్నది.

అన్నం, పప్పు, చారు. అంతే పెట్టుకొన్నది. నూనె కాగింది. ఆవాలు వేసింది.

"ఆవాలు చిటపటమంటున్నాయి," అన్నారాయన శ్రద్ధగా.

"అది నాకు వినబడుతుంది. చెవులు బాగానే ఉన్నాయి. ఇంగువ సంగతి చెప్పండి."

"ఇంగువ... వాసన వచ్చింది."

"వచ్చిందా, వచ్చి దాటిపోతా ఉందా?"

ఆయన నిలబడిపోయారు. రెండింటికీ భేదం ఆయనకు తెలియదు. రసానికి తొమ్మిది పేర్లూ, ప్రతి పేరుకూ లక్షణమూ, లక్ష్యమూ చెప్పగలిగిన మనిషి, నలభైమూడేళ్లు తాను తిన్న చారులో ఇంగువ ఎప్పుడు పండుతుందో ఎన్నడూ గమనించలేదు. ఆయన మాట కోసం వెతుక్కొంటుండగానే పోపు నల్లబడింది. వకుళమ్మ కంటితో చూసి, గబాలున దించి, పారబోసి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఈసారి రాగానే చెప్పండి. ఆలోచించవద్దు."

"ఇప్పుడు," అన్నారాయన. ఆమె దించింది.

*

నివేదన అయింది. రెండు విస్తళ్లు ఎదురెదురుగా వేయమని ఆయన అడిగారు. ఎప్పుడూ వడ్డించి తరువాత తినే వకుళమ్మ, కొంచెం జంకుతూ ఆ రెండో విస్తరి ముందు కూర్చున్నది. పరిషేచనం చేసి, ఆపోశనం పట్టి, ఆయన మొదటి ముద్ద కలుపుకొన్నారు.

"ఏమండీ," అన్నది వకుళమ్మ.

ఆయన ఎడమచెయ్యి లేచింది. ఆయన లేపలేదు, అదే లేచింది. భుజం దాకా వచ్చి అక్కడ నిలబడిపోయింది. వకుళమ్మ నోరు అలవాటుగా మూతపడింది. ఇద్దరూ ఆ చేతివైపే చూశారు. ఆచార్యులవారికి తన చెయ్యిని తానే ఎవరికీ కనబడకుండా ఎక్కడైనా పారవేయాలనిపించింది. దించి, తొడ కింద పెట్టుకొని, దాని మీద కూర్చున్నారు.

"చెప్పు," అన్నారు.

"మీరే చెప్పాలి. ఎట్లుందో."

ఆయన నమిలారు. ఏళ్ల తరబడి పెదవుల వెనుక అణచి ఉంచిన ఆ చిన్న మాటను బయటికి తీయడానికి ఆయనకు చాలా ప్రయాస అయింది.

"చారులో ఉప్పు ఎక్కువైంది."

ఆమె ముఖంలో నొప్పి కనబడుతుందేమోనని ఆయన భయపడ్డారు. ఆమె కొంచెం ముందుకు వంగింది.

"ఎంత ఎక్కువ?"

ఎంత అని చెప్పాలి? ఆయన దగ్గర దానికి పదం లేదు. ఉప్పు గిన్నె దగ్గరికి జరుపుకొని, రెండువేళ్లతో చిటికెడు తీసి, అందులో కొంచెం రాల్చి, మిగిలింది ఆమె వైపు చాచారు.

"ఇంత."

వకుళమ్మ ఆ ఉప్పును తన అరచేతిలో వేయించుకొన్నది. వేళ్లతో నలిపి చూసుకొన్నది. ఒకప్పుడు అత్తగారు తక్కెడ ఉన్నదని మెచ్చుకొన్న వేళ్లు అవి. వాటికి మళ్లీ ఒక కొలత నేర్పుతున్నట్టు, రెండుసార్లు, మూడుసార్లు నలిపింది.

"రేపు అంత తగ్గిస్తాను," అన్నది.

రేపు అన్న ఆ మాట విన్నాక ఆచార్యులవారు తల ఎత్తలేకపోయారు. ఉప్పు ఎక్కువైన ఆ చారును చివరి చుక్క దాకా జుర్రుకొన్నారు. ఈసారి దానిని ఏ లెక్కలోనూ వేసుకోలేదు.